ఒక చెవికే వినపడిన మాట

నాన్నకు మీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. అమ్మా, చెల్లీ, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీ ఓడ ఏ రేవులో ఉండగా ఈ ఉత్తరం అందుతుందో తెలియదు. అక్కడ మీరూ కులాసాగా ఉన్నారని అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా మిమ్మల్నే తిట్టుకుంటుంది, మూడో అంతస్తులో ఇల్లు చూసింది మీరేనని. చెల్లి లెక్కల పరీక్ష గట్టెక్కింది. వంటింటి కుళాయికి మీరు చెప్పినట్టే వాషరు మారిస్తే కారడం ఆగింది. నా ఉద్యోగం ఖాయమైందా అని రెండుసార్లు అడిగారు. ఖాయమైంది నాన్నా. మళ్లీ వెనక్కి పోయింది. ఆ సంగతి నిదానంగా చెప్పాలి.

మా మందుల గోదాములో మీటింగులన్నీ వీడియోలోనే జరపాలని హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మేనేజరు నన్ను పిలిచి, "మీటింగు గదికి మైకులు పెట్టించాలి. ఇంతకుమించి పైసా రాదు. ఎలా చేస్తావో నీ ఇష్టం" అన్నారు. ఆయన చెప్పిన డబ్బుతో ఆ పొడుగు బల్లకు ఒక్క మంచి మైకు కూడా రాదు. పాత సామాను అమ్మే వీధంతా తిరిగి, బల్ల మధ్యలో పెట్టే గుండ్రటి మైకొకటి బేరమాడి తెచ్చాను. గది గంగాళంలా మోగకుండా, మందుల పెట్టెల్లో వచ్చే స్పాంజి ముక్కలు గోడలకు అతికించాను. అంతా బాగుంది గానీ, గోడ అవతలే మందులు చల్లగా ఉంచే కోల్డ్ రూము యంత్రం. దాని రొద అవతలివాళ్లకు లారీ వస్తున్నట్టు వినపడేది. మనిషికొక మైకు ఉంటే ఆ బెడద ఉండదు, కానీ ఎక్కణ్ణించి తేను? రొదను కోసేసే సెట్టింగును ఉన్నంతా పెంచేశాను. రొద పోయింది. దానితోపాటు మెల్లగా అన్న మాటలు కూడా పోతున్నాయని నాకు తెలుసు. గట్టిగా మాట్లాడమని అందరికీ చెబితే సరిపోతుందనుకున్నాను. "తక్కువలో భలే కానిచ్చావే!" అని మేనేజరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

పోయిన నెల ఒక ఉదయం వచ్చి చూసేసరికి కోల్డ్ రూము తలుపు తెరిచి ఉంది. నాలుగు పెట్టెల మందు పాడైపోయింది. ఆ తాళాలు ఉండేది స్టోరు చూసుకునే పెద్దావిడ దగ్గర. పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మేమంతా తాళాలక్క అంటాం. నేను చేరిన కొత్తలో నాకు క్యారేజీ లేని రోజున తన డబ్బా సగం చేసి పెట్టిన మనిషి.

విచారణ వీడియోలోనే జరిగింది. తెర మీద హెడ్డాఫీసు వాళ్లు ముగ్గురు. మేనేజరుకు ఫోనొచ్చి వరండాలోకి వెళ్లారు. గదిలో అక్కా, నేనూ మిగిలాం. మా మాట అవతలికి ఎలా వెళ్తోందో చూసుకోవడానికి నేను హెడ్‌ఫోను ఒక చెవికి మాత్రం పెట్టుకుని అక్క పక్క కుర్చీలో కూర్చున్నాను.

"తాళాలు మీ దగ్గరే ఉన్నాయి కదమ్మా. మరి తప్పెవరిది?" అని అడిగారు తెర మీది పెద్దాయన.

అక్క బల్లవైపు తల వంచింది. "తప్పు నాది..." అని ఆగి, మెల్లగా "కాదండీ" అంది.

ఆ "కాదండీ" నా ఒక చెవికి వినపడింది. హెడ్‌ఫోను ఉన్న చెవిలో "తప్పు నాది" దగ్గరే మాట తెగిపోయింది.

"సరే, మీరే ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?" అన్నారాయన. అక్క తలెత్తి "అది కాదండీ" అంటూనే ఉంది. కానీ అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మా మైకు దానంతటదే మూగబోతుంది. చవక మైకుల తీరే అంత. రెండు నిమిషాల్లో తెర నల్లబడింది.

ఆ వారమే నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మేనేజరు బల్ల మీద ఉంది నాన్నా. నోరు తెరిస్తే, నేను పెట్టిన మైకు పనికిరాదని నేనే చెప్పినట్టవుతుంది. తెరవలేదు. మూడో రోజున అక్కను తీసేశారు. ఐదో రోజున నా చేతికి కాగితమిచ్చారు. అమ్మ ఇరుగుపొరుగుకు స్వీట్లు పంచింది. నేను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. అక్క దండెం మీద బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, మీరు కాదన్నది వాళ్లకు వినపడలేదు. మైకు కోసేసింది" అన్నాను.

చేతిలో తడి దుప్పటితో అలాగే నిలబడిపోయింది. "వినపడలేదా? విని కూడా నమ్మలేదనుకున్నానే! పంతొమ్మిదేళ్లు చేసినదాని మాటకి ఇంతేనా విలువ అని కుమిలి చస్తున్నానే!" అంది. దుప్పటి దండెం మీద పడేసి, "మరి నీకు?" అని అడిగింది.

"వినపడింది."

అక్క లోపలికెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు జరిగిందంతా, నా సెట్టింగుతో సహా, హెడ్డాఫీసుకు రాసి పంపాను. మళ్లీ విచారణ పెట్టారు. ఈసారి రొదను అలాగే వదిలేసి, మైకును అక్క ముందుకు జరిపాను. ఆ హోరులోనే ఆవిడ మాట అక్షరం పోకుండా వెళ్లింది. మెకానిక్కు వచ్చి చూసి, తలుపు గడియ అరిగిపోయిందని, వేసినా దానంతటదే ఊడుతోందని తేల్చాడు. అక్కను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నా కాగితం వెనక్కి తీసుకున్నారు. ఇంకో ఆరు నెలలు నా పని చూస్తారట. దానికి నేను బాధపడడం లేదు.

మొన్న, ఎలాగో ఒప్పించి, చొక్కాకు పెట్టుకునే చిన్న మైకులు నాలుగు తెప్పించాను. మొదటిది అక్కకే చూపించాలని స్టోరుకు తీసుకెళ్లాను. "ఇది ఊపిరి పీల్చినా పట్టుకుంటుందక్కా" అన్నాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టేసింది. "ఆ రోజు నేను నీకు జానెడు దూరంలో కూర్చున్నానమ్మా" అని, పెట్టెలు లెక్కపెట్టుకోవడంలో పడింది.

నాన్నా, అమ్మకు ఇవేమీ చెప్పలేదు. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. కోప్పడాలనిపిస్తే కోప్పడండి. "చిన్నపిల్లవి, పోనీలే" అని మాత్రం రాయకండి.

ఇట్లు,
నోరు విప్పడం ఆలస్యం చేసిన
మీ పెద్దమ్మాయి