ఐదు నిమిషాలు దాటితేనే

మార్చి 4

కరెంటు కోఆపరేటివ్ నుంచి మరిబెల్ అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. ముందుగది ప్లగ్గులో సబ్బుపెట్టె అంత పెట్టె ఒకటి గుచ్చింది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది, అన్నీ అదే రాసుకుంటుందట. మా పేటలో ఒకటి, రేవు దగ్గర ఒకటి పెట్టారట. ఎక్కడ ఎక్కువ పోతే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ముందు అక్కడ వేస్తారట.

ఆక్సిజన్ మెషీన్ ఆగితే మా ఆయన తెర్యో పెదాలు నల్లబడతాయి. పక్కన సిలిండర్ ఉంది గానీ చిన్నది. ట్రాన్స్‌ఫార్మర్ మాకే రావాలి. రాకపోతే?

మార్చి 6

బ్రౌనౌట్, కరెంటు పోయింది. ముందు ఆయనకి సిలిండర్ పెట్టాను. తర్వాత ప్లగ్గులన్నీ పీకేశాను. ఇక్కడ ఎవరైనా అంతే. పీకకపోతే తిరిగొచ్చేటప్పుడు కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడి ఫ్రిజ్ మాడిపోతుంది. ఆ పెట్టె కూడా పీకాను. పరాయి సొమ్ము, కాలిపోతే ఏం జవాబు చెప్పను? ఎదురు కొట్టు లూమింగ్ చూసి, అక్కని పిలిచినట్టు మానాంగ్ అంటూ, మొగుడికన్నా దాన్నే ముద్దుగా చూసుకుంటున్నావే అని నవ్వింది.

మార్చి 11

మళ్లీ పోయింది. పీకాను. వచ్చాక మెషీన్ పెట్టాను, ఎండుచేపలు వేయించే హడావిడిలో పెట్టె సంగతి మరిచాను. సాయంత్రం గుర్తొచ్చి గుచ్చాను. దానికేమైనా అయిందా? చూడ్డానికి బాగానే ఉంది.

మార్చి 20

మరిబెల్ పెట్టెలోదంతా ఫోన్‌లోకి ఎక్కించుకుని మొహం చిట్లించింది. లోలా అని నన్ను అమ్మమ్మని చేసి, పదకొండో తేదీ మీ ఇంట్లో సాయంత్రం దాకా కరెంటు లేదంటోంది, స్తంభం మీద మీటరేమో అరగంటే అంటోంది అంది. పీకానని చెప్పాను. ఆ పిల్ల నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. అయ్యో లోలా, లోపల బ్యాటరీ ఉంది, అది కాలదు, మీరు పీకేస్తే తీసింది కరెంటువాళ్లో మీ చెయ్యో దానికెలా తెలుస్తుంది అంది.

మా ఇంటి లెక్కంతా కొట్టేస్తారట. ఈ రోజు నుంచి ఏప్రిల్ పదిహేను దాకా మళ్లీ చూస్తారట. ఐదు నిమిషాల లోపు వచ్చేస్తే పోయినట్టే కాదట. పోయింది పోయినట్టే కదా?

ఏప్రిల్ 2

పోవడం లేదు.

ఏప్రిల్ 9

ఒక్కసారి పోయింది. సిలిండర్ తిప్పేలోపే వచ్చేసింది. ఐస్ అమ్ముకుంటూ లూమింగ్ మురిసిపోతోంది. మానాంగ్, నీ పెట్టెకి జడిసి కరెంటు బుద్ధిగా ఉంటోంది అంది. రేవు దగ్గర చాలాసేపు పోయిందట. వాళ్లంటే అసూయ కలిగింది. చీకట్లో కూర్చున్నవాళ్ల మీద అసూయ ఏమిటో!

సాంతా రీతా మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఏం అడగాలో తెలియక నిలబడ్డాను. పోవాలనా? ఆయన ఆ మెషీన్ మీద ఉండగానా?

ఏప్రిల్ 14

పోయింది. ఆయనకి సిలిండర్ పెట్టాను. పెట్టె ముట్టలేదు.

ఇంకా రాలేదు. సిలిండర్ ముల్లు దిగుతోంది. నా చెయ్యి పట్టుకుని, వచ్చిందా అని అడుగుతున్నాడు.

రాకు కరెంటు తల్లీ. ఇంకాసేపు రాకు.