ఎదురు ఫ్లాట్ బబ్బీ

నార్త్ యార్క్

అక్కయ్యకి,

నీ చెల్లెలు సరోజన నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. ఫోన్‌లో అరిస్తే మా సుప్రజ నన్ను కసురుతుంది. అందుకే కాగితం, కలం పట్టాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. చలికి పట్టేస్తున్నాయి, అంతే. సుప్రజ ఆఫీసు మార్కమ్‌కి మారింది. పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ పోతుంది. ఇక "నీ సవతి ఎలా ఉంది?" అని వెక్కిరించావు చూడు, ఆవిడ పోయిందక్కయ్యా. పోయిన మంగళవారం, నిద్రలోనే.

మా ఎదురు ఫ్లాట్ మిరియమ్ గారు, యూదులావిడ. టీచరుగా రిటైరయ్యాక కూడా ఊరుకోక, మా బిల్డింగ్‌లో పిల్లలందరికీ చదవడం నేర్పేది. శుక్రవారం వచ్చిందంటే కొవ్వొత్తులు వెలిగించి కొడుకులూ కోడళ్ళూ మనవలూ అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టుకునేది. ఇంట్లో అంతమంది ఉండగా, నా ఒక్కగానొక్క మనవరాలు నిఖిల కూడా కావాలా ఆవిడకి? ఇది ఆవిడని "బబ్బీ" అని పిలిచేది. వాళ్ళలో అమ్మమ్మని అలా అంటారట. అసలు అమ్మమ్మని, గుండ్రాయిలా నేనుండగా!

పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయిద్దామని నేను వసంత పంచమి కోసం ఎదురుచూశాను. ఈలోగా ఆవిడ తేనెతో అక్షరాలు రాసి పిల్ల చేత నాకించేసింది. చదువు తియ్యగా ఉండాలని వాళ్ళ ఆచారమట. మూతి నాక్కుంటూ "ఏ, బీ, సీ" అని ఇంటికొస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తీరా పంచమి నాడు నా బియ్యంలో వేలు పెట్టి "ఇవి తినకూడదా?" అంది. మరి కడుపు మండదూ?

వాళ్ళలో మనిషి పోతే ఇంట్లో ఏడు రోజులు దుఃఖం పాటిస్తారు. అద్దాలకి దుప్పట్లు కప్పి, పొట్టి కుర్చీల్లో కూర్చుంటారు. సుప్రజతో కలిసి వెళ్ళాను. కాసేపుండి, మన పద్ధతిలో ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. చావింట్లో "వెళ్ళొస్తాను" అనకూడదు కదా! మా తలుపు తీస్తుంటే ఆవిడ కూతురు దీనా పరుగున వచ్చింది, మావల్ల ఏమైనా తప్పు జరిగిందా అని. సుప్రజ సంగతి చెప్పి సర్దింది. అప్పుడా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెప్పింది.

"అమ్మా, మిరియమ్ ఆంటీకి నువ్వంటే జెలసీ అట," అంది సుప్రజ నాతో. "ఎంత మంచి కథ చదివి పెట్టినా, నిద్రొచ్చేసరికి నిఖిల పుస్తకం వదిలేసి నీ దగ్గరికే పరిగెత్తేదట. ఒక్కరోజు కూడా నా సోఫాలో నిద్రపోలేదే అని అనుకునేదట."

ఇంతసేపూ చెప్పడానికి సిగ్గుపడ్డాను గానీ, ఆ మాటకి నాకు ఏడుపు రాలేదక్కయ్యా. ఆనందం వేసింది. చావింటి గుమ్మానికి ఎదురుగా నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. ఛీ, ఏం మనిషిని! ఈ ముక్క మాత్రం బావగారికి చదివి వినిపించకు.

ఇప్పుడు పిల్ల పూర్తిగా నాదే. ఏం లాభం? ఇదివరకు నిద్ర తూగుతూ వచ్చేది. ఇప్పుడు పక్కలో పడుకుని కళ్ళు తెరుచుకునే ఉంటోంది. చదివి పెడదామంటే నాకా ఇంగ్లీషు రాదాయె.

నిన్న సాయంత్రం ఆవిడ చదివి పెట్టే పుస్తకమే తెచ్చి నా ఒళ్ళో కూర్చుంది.

"నువ్వు విను. నేను చదువుతా," అంది, వచ్చీ రాని తెలుగులో.

చదివింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మంచి ఊపులో ఉండగా ఆగి, పేజీని అరచేత్తో మూసి, తల ఓ పక్కకి వంచి నా మొహంలోకి చూసింది, అడిగితే గానీ ముందుకి పోనన్నట్టు. పిల్లలకి చదివేటప్పుడు ఎన్నిసార్లు చూశానో, ఆ ఆగడం, ఆ చూపు అచ్చం ఆవిడవే. ఒళ్ళో ఉన్నది నా పిల్ల, దాని గొంతు నిండా ఆవిడే. కుళ్ళుకుని చచ్చాననుకో.

అయినా "తర్వాత?" అన్నాను.

ఇట్లు,
ఇంకా కుళ్ళు చావని నీ చెల్లెలు,
సరోజన