కల్లుకుండ దుప్పటి

జోస్ నగరం

చెల్లీ చుండుంగ్,

నీ కూతురు లియోప్ కులాసాగా ఉంది, ముందు ఆ దిగులు కట్టిపెట్టు. మేక కాలేయంలో ఉండే ఒక ఎంజైమును బాక్టీరియాతో తయారు చేయించడమే దాని చదువని నీకు తెలుసుగా. ఎన్నిసార్లు చేసినా అది పనికిరాని గడ్డగా మారేది. ఇదే ఆఖరి అవకాశం, కుదరకపోతే ఇంటికేనని ప్రొఫెసరమ్మ తేల్చేసింది.

మొన్న అర్ధరాత్రి, హర్మటాన్ చలిగాలి దుమ్ముతో కొరికేస్తుండగా కరెంటు పోయింది. కరెంటు పోయినప్పుడల్లా నీ కూతురు బాక్టీరియా పెంచే గాజు ఫ్లాస్కులకు నువ్విచ్చిన దుప్పటి చుట్టేది. జొన్నకల్లు కాచే ఇంటి పిల్ల గదా, కుండ చల్లబడితే నువ్వు చేసే రభస మరిచిపోతుందా! ఈసారి దానికి తోడుగా ల్యాబుకెళ్లిన నేను, కుదిపే యంత్రం ఆగిపోతే ఫ్లాస్కులు చేత్తో కుదుపుతూ గడగడ వణికిపోయాను.

"కప్పుకో మామయ్యా, నీకేమైనా అయితే అమ్మ నన్ను చంపుతుంది," అంటూ దుప్పటి నామీద పడేసింది.

"మరి నీ బాక్టీరియా?"

"పోనీలే," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఇవాళ పరీక్ష. మందు చుక్క వేసి ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తెల్లని నీళ్లు మెల్లగా పసుపెక్కాయి. ఎంజైము పనిచేస్తోంది! వెచ్చగా ఉంటే తొందరలో గడ్డ కడుతుందట, చల్లగా ఉంటే నిదానంగా, సరిగ్గా తయారవుతుందట.

మన చిరుధాన్యం, అచ్చా పంట ఇంటికొచ్చిందా? కాస్త పంపు. దుప్పటి మాత్రం తిరిగి అడక్కు. ఫ్లాస్కుల గది గడప దాటి దాన్ని రానివ్వనంటోంది నీ కూతురు, కాబట్టి ఇక అది నాదే.

మీ అందరికీ దీవెనలతో,
అన్న గ్యాంగ్