రాతి మీద ఆయన పేరు

2006 అక్టోబరు 9, సోమవారం

ఇంటర్వెల్లో మండలాఫీసు గుమాస్తా బడికి వచ్చేడు. కొత్తగా చేరినవాడు. తుఫాను వచ్చి పదేళ్లవుతోంది కదా — షెల్టరు దగ్గర రాయి వేయిస్తున్నారట, పోయినవాళ్ల పేర్లతో. వచ్చే నెల ఆరో తారీఖున ఎమ్మార్వో గారు తెర తీస్తారట.

"మీ వారి పేరు గల్లంతైనవాళ్ల లిస్టులో ఉందండీ. మీరు ఊఁ అంటే రాయించేస్తామండీ."

ఊఁ అంటే. అంతే. పదేళ్లుగా ఆ ఒక్కమాట అనకుండానే నెట్టుకొచ్చేను.

"ఆలోచించుకుని చెబుతానండి."

"ఆయ్, నెమ్మదిగానే చెప్పండి."

బెల్లు కొట్టేరు. ఏడో తరగతికి ఏం పాఠం చెప్పేనో గుర్తు లేదు.

అక్టోబరు 10

అత్తయ్యకి చెప్పలేదు.

అక్టోబరు 13

తుఫాను వచ్చిన ఆ వేళ బుధవారం. ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోయిందని ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చేసేరు. గాలి అప్పటికే తిరగబడుతోంది... "సముద్రం ఒడ్డున అమ్మ ఒక్కతే ఉంది. తీసుకొచ్చేస్తాను. నువ్వు బళ్లోకి వెళ్లిపో, అది డాబా కదా." గొడుగు ఇవ్వబోతే నవ్వేరు. "ఈ గాలికి గొడుగా! అదే నన్నెత్తుకుపోతుంది." సైకిలెక్కి వెళ్లిపోయేరు.

అత్తయ్య అప్పటికే ఎవరి ట్రాక్టరో ఎక్కి ఇంకో దారిన బయల్దేరిపోయింది. తల్లీ కొడుకూ ఎదురుపడలేదు. చీకటి పడే వేళకి తడిసి ముద్దయి బళ్లోకొచ్చి నన్నడిగింది — "వాడేడే?"

ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. పదేళ్లు ఒకే పొయ్యి, ఒకే గది. ఆయన షర్టులు పెట్టెలోంచి తీసి ఎండేసేది ఆవిడే. నేను చూడనట్టు ఉంటాను.

అక్టోబరు 17

పక్కింటి సత్యవతి గారు పరమాన్నం పట్టుకొచ్చేరు. వాళ్లమ్మాయి వాణి పుట్టినరోజట, తిథి ప్రకారం.

వాణి పుట్టింది ఆ తుఫాను సాయంత్రమే, మా బళ్లో, నాలుగో తరగతి గదిలో. రెండు బెంచీలు కలిపి వేసేం. లాంతరు నేను పట్టుకున్నాను. "వాడేడే" అని అడిగిన అత్తయ్యే, నా జవాబు కోసం ఆగకుండా చీర బిగించి, బిడ్డని చేతుల్లోకి తీసుకుంది. కిటికీ రెక్కలు ఊడి పడుతున్నాయి. పిల్ల ఏడ్చిందో లేదో కూడా గాలి హోరులో వినపడలేదు — నోరు తెరవడం చూసి బతికుందనుకున్నాం.

ఇవాళ వాణి వాళ్లమ్మ వెనక నించుని అడిగింది. "టీచర్ గారండీ, మా క్లాసులో అందరూ తారీఖునే చేసుకుంటారండీ. నాకొక్కదానికే ఎందుకండీ కుదరదు?"

"నోర్ముయ్" అని సత్యవతి గారు దాని భుజం నొక్కేరు. నా వైపు తిరిగి, "మీ ఇంట్లో అలాంటి రోజున మా ఇంట్లో చాక్లెట్లు పంచుకుంటామాండీ..." అన్నారు.

పరమాన్నం తీపిగానే ఉంది. గిన్నె కడిగి ఇచ్చేసేను.

అక్టోబరు 22

నిన్న దీపావళి. వీధంతా మతాబుల కంపు. తుఫాను తర్వాత మళ్లీ ఇళ్లు కప్పుకునేదాకా బళ్లో ఉన్న రోజులు గుర్తొచ్చేయి. ఆ ఏడు దీపావళీ మాకు బళ్లోనే వెళ్లింది — వెలిగించడానికి నూనె కూడా లేదు. తోటలున్నవాళ్లూ, ఆ తోటల్లో పనిచేసేవాళ్లూ ఒక్కటే వరసలో కూచుని తినేవారు. పడిపోయిన కొబ్బరిచెట్ల మొవ్వు చీల్చి పిల్లలకి పెట్టేవారు. ఎంత తియ్యగా ఉండేదో! చెట్లు లేక ఆకాశం ఎంత పెద్దదయిపోయిందో. సత్యవతి గారి తల నేను దువ్వేదాన్ని, వాణికి నీళ్లు అత్తయ్య పోసేది. ఎవరు గేటు తీసినా అందరం ఒకేసారి తలెత్తి చూసేవాళ్లం, ఆయనేమోనని. నాతోపాటు ఊరంతా ఎదురుచూసింది.

ఇళ్లకి కప్పులు పడ్డాయి. ఎవరి వరసలు వాళ్లవి అయిపోయాయి. ఎదురుచూడ్డం నా ఒక్కదానికే మిగిలింది.

ఆ రోజులు బాగుండేవి అని రాయడానికి చెయ్యి రావట్లేదు. కానీ బాగుండేవి.

అక్టోబరు 28

గుమాస్తా ఇంటికే వచ్చేడు. అత్తయ్య అరుగు మీద కూచుని చీపురుకి ఈనెలు తీస్తోంది. అన్నీ విన్నది. అతను వెళ్లేక, తలెత్తకుండానే —

"రాయించవే."

"రాయిస్తే పోయేరని మనమే ఒప్పుకున్నట్టు కదా, అత్తయ్యా."

"ఎక్కడా పేరు లేకపోతే నా కొడుకు అసలు పుట్టనేలేదనుకుంటారు."

ఈనెలు తీస్తూనే ఉంది. చర్చిలో ప్రతి ఏడూ తుఫాను రోజున పాస్టరు గారు పోయినవాళ్ల పేర్లు చదువుతారు. మా ఆయన పేరు చదవొద్దని మొదటి ఏడే చెప్పేను. ప్రార్థన అయ్యేదాకా అత్తయ్య చెవులు రిక్కించి కూచోడం, ఇప్పుడాలోచిస్తే, ఆ పేరు కోసమేనేమో.

నవంబరు 1

ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చీ రాగానే చల్లటి చేతులు నా మెడ మీద పెట్టేసేవారు. నేను కెవ్వుమనేదాన్ని. "దీనికోసమే సైకిలు అంత జోరుగా తొక్కుకొచ్చేనే, చల్లదనం పోకుండా" అనేవారు.

ఎవరితోనూ చెప్పలేదు ఇది.

నవంబరు 4

సత్యవతి గారింటికి వెళ్లేను. "ఈసారి వాణికి తారీఖునే చేద్దామండీ. మా ఇంట్లోనే. కేకు అమలాపురం నుంచి నేనే తెప్పిస్తాను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీకు... పరవాలేదాండీ?"

"తెలీదండీ."

నిజమే చెప్పేను.

నవంబరు 6, సోమవారం

పొద్దున మీటింగు. షామియానా, మైకు, కూల్‌డ్రింకులు. రాయి మీద పై అధికారుల పేర్లు పెద్దక్షరాల్లో, పోయినవాళ్ల పేర్లు వాటి కింద, చిన్నగా. ఒక ముసలాయన దగ్గరికొచ్చి తన కూతురి పేరు వేలితో తడిమేడు. ఫొటోవాడు "పక్కకి జరగండి" అన్నాడు. ఆయన జరగలేదు.

"కింద జాగా వదిలేమండీ" — గుమాస్తా, నా చెవి దగ్గర.

సాయంత్రం కేకు. వాణి మొదటి ముక్క అత్తయ్య నోట్లో పెట్టింది.

"నన్ను మొదట పట్టుకుంది మీరేనంటగా, మామ్మగారూ?"

అత్తయ్య చెప్పడం మొదలెట్టింది. పదేళ్లలో మొదటిసారి. ట్రాక్టరు, గాలి, బెంచీలు, లాంతరు, అన్నీ. నాకు తెలియనివి కూడా — ట్రాక్టరు మీంచి దూరంగా గట్టు మీద ఎవరో సైకిలు తోసుకుంటూ పోతుంటే చూసిందట. పిలుద్దామనుకుందట. వాన అడ్డం... ఎవరో అనుకుందట.



"మరి మీ అబ్బాయండీ?" అంది వాణి. సత్యవతి గారు ఆపబోయేరు.

అత్తయ్య మూతికంటిన క్రీము తుడుచుకుంది.

"ఇంకా రాలేదమ్మా."

నవంబరు 7

గుమాస్తా వచ్చేడు. రాయి చెక్కేవాడు ఈ సాయంత్రం దాకానే ఊళ్లో ఉంటాడట. "ఏం చెప్పమంటారండీ?"

నేను అత్తయ్య వైపు చూసేను. అత్తయ్య నా వైపు చూస్తోంది.