మొక్కు చెరిపిన సీకు ముక్క

చిత్తూరు. పెరటాసి మూడో శనివారం.

మా ఆయన కాలు విరిగినప్పుడు, పుత్తూరు కట్టుతో ఎముక అతుక్కుంటే పెరటాసి నెలంతా నీసు ముట్టనని వెంకన్నకు మొక్కుకున్నాను. ఈరోజు అదే కాలితో నడిచి నన్ను సాయిబు హోటలుకు తీసుకెళ్లాడు. నిప్పుల మీద కాల్చిన మాంసం సీకులు నా ఆకులో వేయించాడు.

"నా కాలు బాగయిపోయిండాది. ఇంకేం మొక్కుమే? తిను."

సాయిబు పరుగున వచ్చి నా ఆకు తీసేశాడు. "మాకు హరాము ఎట్లనో, ఆయమ్మకు మొక్కు అట్లనే. బలవంతం సేయొద్దప్పా."

మా ఆయన నవ్వుతూ తన ఆకులోని ముక్క తీసి నా నోట్లో కుక్కాడు. పదిమందిలో ఉమ్మలేక మింగాను.

ఇప్పుడు రాత్రి, ఇంట్లో నా పక్కన గురక పెడుతున్నాడు. దేవుడు ఇచ్చిన కాలు వెనక్కి తీసుకుంటాడేమోనని నేను భయపడాలి. భయం రావడం లేదు. ఎప్పుడు తీసుకుంటాడా అని ఆ కాలి వైపే చూస్తున్నాను.