ఖాళీగా వదిలిన వింటినారి

పారో, భూటాన్,
ఆదివారం.

ఛింబే నాయనా,

బడిలో నీ తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్దిన టీచరమ్మను. ఈసారి దిద్దుకోవాల్సిన తప్పు నాది.

మొన్న నువ్వు నేర్పే విలువిద్య సాధనలో మా మనవరాలు సెల్డెన్ చేతిలో వెదురు విల్లు విరిగి, పేడు ఎగిరి దాని కనుబొమ్మ చీరింది. "ఆడదాని చెయ్యి తగిలితే విల్లు నిలుస్తుందా?" అన్నారు మీ జట్టు మగమహారాజులు. వాళ్ల మాట విని నువ్వు దాన్ని జట్టులోంచి తీసేశావు.

ముందురోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ విల్లు నేను తీశాను. మా కాలంలో ఆడవాళ్లం పక్కన నిలబడి అవతలి జట్టును వెక్కిరిస్తూ పాడటమే గాని, విల్లు ముట్టనిచ్చిందెవరు? డెబ్బై రెండేళ్లకు సరదా పుట్టింది. బాణం పెడితే కోళ్లకు తగులుతుందని ఒట్టి నారి లాగి వదిలాను. టక్కుమంది. అలా వదిలితే దెబ్బంతా విల్లే తింటుందని నువ్వు మొదటిరోజే చెబుతావట. ఆ పాఠానికి నేను రాలేదు మరి. వెంట్రుకంత బీట కనిపించింది. మైనం పూసి సంచిలో పెట్టేశాను.

కట్టు కడుతుంటే సెల్డెన్ అంది: "అవ్వా, ఎక్కుపెట్టే ముందు తడిమి చూశానే! నా వేళ్లకే తెలియలేదేమో."

నేను కట్టు ముడి బిగించాను. నిజం దానికి ఇంకా చెప్పలేదు, ముందు నీకు రాయడం తేలికైంది.

శనివారం మైదానానికొచ్చి అందరి ముందూ చెబుతాను. వెక్కిరించి పాడేవాళ్లను పిలిపించు, నాకు అభ్యంతరం లేదు. సెల్డెన్‌ను మాత్రం వరుసలో నిలబెట్టు. దాని వేళ్ల తప్పేమీ లేదు. ఆ మైనం నేను చాలా బాగా పూశాను.

నీ లెక్కల టీచరు