ప్రాసెసర్ డ్రైవర్ సంగతి

ఏవండీ,

కంప్యూటర్ బాగుచేశాను, వాడుకోండి. ఇక వేడెక్కి ఆగిపోదు. ఆన్ చేసిన ప్రతిసారీ "ప్రాసెసర్ డ్రైవర్ లోడ్ కాలేదు" అని తెర మీద వస్తూనే ఉండేది. అడిగినప్పుడల్లా మీరు "పాతదైపోయింది, నీకర్థం కాదులే" అన్నారు. పొద్దున నేనే వెతికితే, లోడ్ చేయకూడదని మనుషులు రాసిపెట్టే జాబితాలో, వేడిని అదుపులో ఉంచే ఆ డ్రైవర్ పేరు కనబడింది. ఆ ఒక్క వరుస తీసేశాను. మళ్ళీ చేర్చకండి.

మొన్న ఈ కంప్యూటర్‌లోనే ఉద్యోగం ఇంటర్వ్యూ ఇస్తుంటే మధ్యలో తెర నల్లబడితే నేను ఏడ్చాను. "పోనీలే, ఇంట్లో నీకేం తక్కువ?" అంటూ తల నిమిరారు. ఆ కంపెనీవాళ్ళను బతిమాలుకుంటే ఇవాళ నేరుగా రమ్మన్నారు. వెళ్తున్నాను. మీ చొక్కాలు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను.

జాబితాలో ఆ పేరు చేరిన తేదీ కూడా చూశాను. నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన రోజే. పొరపాటే అయ్యుంటుందని నాకు నేను సర్దిచెప్పుకోవాలని చాలా చూశానండీ.